గొంగడి లోపలి విఠల్

'మా భూమి' సినిమాలో గద్దర్ తెరమీద కనిపించేది ఒక్క పాట సేపే. పంచె ఎగగట్టి, భుజాన గొంగడి వేసుకొని, చేత కర్ర పట్టుకొని 'బండెనక బండి కట్టి' అని ఎత్తుకుంటాడు. పక్కనున్నవాళ్ళు అందుకుంటారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ఆ సినిమా 1980లో జనం ముందుకొచ్చింది. అప్పటికి ఆ పాడిన మనిషి కెనరా బ్యాంకు ఉద్యోగి. హాజరు పట్టీలో పేరు గుమ్మడి విఠల్‌రావు. 1975లో కొలువులో చేరినవాడు 1984 దాకా మానలేదు. తెలుగు జనం నలభై ఏళ్ళు మోసుకు తిరిగిన ఆ రూపం తెరకెక్కేనాటికి, దాన్ని కట్టుకున్న మనిషి తెల్లారితే ప్యాంటు చొక్కా తొడుక్కొని ఖాతా పుస్తకాల ముందు కూర్చునేవాడన్నమాట.

దీన్ని పట్టుకొని 'అదంతా వేషమే' అని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. నాకైతే అందులో తప్పేమీ కనబడదు. రాత్రంతా యక్షగానం చూసిన ఊళ్ళలో వేషం కట్టడమంటే గురువు దగ్గర కూర్చొని నేర్చుకోవలసిన పని. రంగు ఎంత పూయాలి, గజ్జె ఎక్కడ కట్టాలి, అడుగు ఎప్పుడు వేయాలి అన్నది ఏళ్ళ తరబడి సాధన చేసే విద్య. గద్దర్ రాజకీయాల మంచిచెడ్డల మీద తీర్పులు చాలానే వచ్చాయి, ఇంకా వస్తాయి. నేను చూడదలచుకున్నది ఆ పనితనం ఒక్కదాన్నే. ఏ ముక్క ఎక్కడినుంచి తెచ్చాడు, వాటన్నిటినీ ఒక ఒంటిమీద ఎట్లా నిలబెట్టాడు, కీర్తి వచ్చి మీద పడ్డాక ఆ ఒంటికీ ఆ రూపానికీ మధ్య ఏం జరిగింది?

సూర్యాపేట వాళ్ళకు ఆ రూపం కొత్తది కాదు. పట్టణం దాటి కోదాడ వైపు హైవే మీద పోతుంటే దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో అక్కడ లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మా వైపు పెద్దగట్టు జాతర అంటేనే తెలుస్తుంది. తెలంగాణలో మేడారం తర్వాత అంత జనం కూడేది ఇక్కడేనని చెప్పుకుంటారు. ఆ ఐదు రోజులూ విజయవాడ బస్సులన్నీ దారి మళ్ళుతాయి. గొల్లలు గజ్జెల లాగులు తొడుక్కొని, భేరీలు దద్దరిల్లుతుంటే, 'ఓ లింగా' అని కేకలేస్తూ గుట్ట ఎక్కుతారు. పిక్క బిగించి మడమ దింపే ఆ అడుగు, గజ్జె మోత తర్వాత వచ్చే ఆ అరక్షణం నిశ్శబ్దం ఎరిగిన మా జిల్లా మనిషికి, స్టేజి మీద గద్దర్ అడుగు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఆయన దీన్ని ఇక్కడ చూసి నేర్చుకున్నాడని నేననను. ఆయన పుట్టింది మెదక్ జిల్లా తూప్రాన్‌లో. గొర్ల మందలు, గొంగళ్ళు, ఒగ్గు కథలు ఆ చుట్టుపక్కలా కొదవలేదు.

అయితే ఆ వేషధారణను ముక్క ముక్కగా విప్పి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. గొంగడి గొల్లకురుమలది. నల్లగొర్రె ఉన్నితో నేసింది, చలికీ వానకూ ఓర్చేది. డప్పు మాదిగలది. ఎగగట్టిన పంచె నాగలి పట్టే చేతులది. గజ్జెలు కథలు చెప్పి బతికే కులాలవి. ఎర్రగుడ్డ విప్లవ పార్టీది. గద్దర్ పుట్టింది దళిత కుటుంబంలో, మాల ఇంట్లో. ఒంటిమీద ఉన్నవాటిలో ఏ ఒక్కటీ ఆయనకు పుట్టుకతో వచ్చిన వస్తువు కాదు. ఊళ్ళో వాడవాడకూ విడివిడిగా ఉండేవాటిని, ఒకరి ముంగిట మరొకరు నిలబడకూడని వాళ్ళ గుర్తులను, ఒక్క మనిషి ఒంటిమీద చేర్చి పెట్టాడు. స్టేజి ముందు కూర్చున్న ప్రతి వాడకూ ఆయన ఒంటిమీద తమదంటూ ఒక వస్తువు కనబడుతుంది. ఆయనది ఏ కులమో వెతకాలన్న ధ్యాస ఆ రెండు గంటలూ ఎవరికీ రాదు. తెలుగునాట ఒక గాయకుడు తన రూపం మీద ఇంత ఆలోచన పెట్టిన సందర్భం నాకింకొకటి తట్టదు.

ఈ దారి ఆయనకు ముందే కొంత వేసి ఉంది. 1940లలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల బాణీని తీసుకొని నిజాం మీద, దొరల మీద తిప్పాడు. గొంగడి, కర్ర, ఇద్దరు ముగ్గురి మాటల పోటీ, నవ్వులాట, మధ్యలో సూటిపోటు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పటి సూర్యాపేట జిల్లా కర్విరాల కొత్తగూడెంలో దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటల్లో పోరాటం మాటలు నింపి ఊరూరా పాడింది. దళంలో ఆమె పేరు రాజక్క. తలమీద పదివేల రూపాయల వెల ఉండేది. పాట వల్ల కొత్త పేరు రావడం, ఆ పేరు వెనక ఇంటి మనిషి దాగడం మా ప్రాంతానికి అప్పటికే తెలుసు. కోస్తాలో బుర్రకథ నాజర్ సంగతీ అంతే. ఆ తరం నుంచి బుర్రకథ నేర్చుకున్న కుర్రాళ్ళలో విఠల్ ఒకడు.

సినిమా నేపథ్య గాయకుల దారి దీనికి పూర్తిగా ఎడం. ఘంటసాల పాడితే జనం రామారావును చూశారు, నాగేశ్వరరావును చూశారు. గొంతు ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది. బాలసుబ్రహ్మణ్యం ఏ నటుడికి పాడితే ఆ నటుడిలా గొంతు మలిచేవాడు. ఆయన ముఖం ఇంటింటికీ చుట్టమైంది ఎక్కువగా 1996లో 'పాడుతా తీయగా' మొదలయ్యాకే. అంటే మన పెద్ద గాయకులకు చాలాకాలం బహిరంగ రూపమనేదే అక్కర లేకపోయింది. గద్దర్ పాట అట్లా కాదు. గొంతును ఒంటినుంచి విడదీస్తే సగం పోతుంది. క్యాసెట్‌లో విన్నవాళ్ళు సభకు వచ్చి చూసి 'ఇదా ఈ పాట!' అనుకోవడం అందుకే.

పేరు కూడా అరువుదే. 1913లో అమెరికాలో పంజాబీ వలస కూలీలూ విద్యార్థులూ పెట్టుకున్న గదర్ పార్టీ పేరు అది. పాటల సంపుటికి పెట్టిన పేరే పాడే మనిషికి అంటుకుందని చెబుతారు. తనకు తాను పెట్టుకున్నా, జనం పెట్టినా ఫలితం ఒకటే. విఠల్‌రావు ఇంటికీ బ్యాంకుకూ పరిమితమయ్యాడు. ఆ తర్వాత 'ప్రజా యుద్ధనౌక' అన్న బిరుదొకటి తోడైంది. నాకు ఆ బిరుదు ఎప్పుడూ నచ్చలేదు. యుద్ధనౌకకు కడుపునొప్పి రాదు, కొడుకు స్కూలు ఫీజు కట్టే పని ఉండదు.

ఇక పాట దగ్గరికి వద్దాం. మొదటి పాటల్లో ఒకటిగా చెప్పే 'ఆపుర రిక్షా' 1970ల ఆరంభానిది. బుర్రకథలు చెప్పుకుంటున్న కుర్రాణ్ణి, తర్వాత 'మా భూమి' నిర్మించిన బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ వైపు లాగిన కాలం. ఆ పాట మొదలుకావడమే ఎదుటి మనిషిని పిలవడంతో. అక్కడినుంచి చివరిదాకా ఆయన పాటలన్నీ ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉన్నాయి. అన్నను, చెల్లెను, లచ్చుమమ్మను, ఒక్కోసారి చెట్టును, చేనును. గాలిలోకి పాడిన పాట దాదాపు లేదు. పిలుపు ఉన్నచోట వినేవాడు ప్రేక్షకుడిగా మిగలడు, బదులు చెప్పవలసినవాడవుతాడు. 1972లో విప్లవ సాంస్కృతిక సంఘం జననాట్య మండలి పుట్టాక ఈ పిలుపుకు బదులు చెప్పే వంతలు కూడా చేరారు.

సభ మొదట్లో ఆయన చేసే పని గమనించదగ్గది. మాటల్లేని రాగం ఒకటి పొడుగ్గా తీస్తాడు. గొర్లకాపరి గుట్టమీదనుంచి అవతలి గుట్టమీది వాణ్ణి కేకేసినట్టుంటుంది. మైకు ఎట్లా పలుకుతున్నదో, మైదానం చివర ఎంత గోల ఉందో ఆ ఒక్క రాగంలో తూకం వేసుకుంటాడు. జనం సద్దుమణుగుతారు. అప్పుడు పల్లవి ఒంటరిగా, నెమ్మదిగా, ప్రతి అక్షరం విడివిడిగా. రెండోసారి వంతలు కలుస్తారు. మూడోసారి డప్పు పడుతుంది. నాలుగోసారికి మైదానంలో చివరి వరస దాకా పల్లవి వచ్చేసి ఉంటుంది. చదువురాని మనిషి ఒక్కసారి విని పట్టుకునేంత పొట్టిది, ఇరవైసార్లు పాడినా విసుగు పుట్టనంత గట్టిది. ఈ రెండూ కుదిరే పల్లవి రాయడం ఎంత కష్టమో రాసి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మా వైపు వాళ్ళకు ఈ పద్ధతి పొలంలోనే తెలుసు. సాగర్ ఎడమ కాల్వ కింద, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ఆయకట్టులో నాట్లు పడేటప్పుడు ఒకామె ఎత్తుకుంటుంది, వరసలో వంగినవాళ్ళంతా అందుకుంటారు. ఎత్తుకున్నామె కొత్త మాట కలిపేలోగా మిగతావాళ్ళు ఊపిరి తీసుకుంటారు. చెయ్యి ఆగదు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలకైనా అంతే, ఊపిరి పంచుకోవడమే పాట. గద్దర్ ఆ కొలతను చెడగొట్టలేదు. ఆయన చరణంలో ఒక్కో ఊపిరికి ఒక్కో బొమ్మ. సన్నివేశాలను వర్ణించి సాగదీయడు. నాగలి, కొడవలి, గంజి, చిరిగిన కొంగు అంటూ వస్తువు చూపించి పక్కకు జరుగుతాడు. అందుకే ఆయన పాటలు పొలానికి తిరిగి పోగలిగాయి. ట్రాక్టరు టేపురికార్డర్లో మోగినా, నాటు వేసే వరసలో పాడినా ఒదిగాయి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే పని ఇంకొకటుంది, మాటకూ పాటకూ మధ్య కుట్టు. రెండు చరణాలయ్యాక చెయ్యెత్తి డప్పు ఆపుతాడు. మాట్లాడటం మొదలుపెడతాడు. ఏదో ఒక తల్లి కథ, ఒక కూలీ కథ. గొంతు దించుతాడు, ఇంకా దించుతాడు. వేలమంది ముందుకు వంగి వినవలసి వస్తుంది. అప్పుడు ఒక వాక్యం చివరి మాట కొద్దిగా సాగుతుంది, అదే మాట మీద గొంతు లేస్తుంది, చూస్తే పల్లవి మొదటి స్వరం మీద ఉన్నాం. ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ పాట మొదలైందో వేలు పెట్టి చూపించలేం. హరికథ వాళ్ళకు, బుర్రకథ వాళ్ళకు ఈ విద్య ఉంది. కానీ వాళ్ళు తాళం వేసి, 'తందాన' అని హెచ్చరించి దాటుతారు. గద్దర్ హెచ్చరిక తీసేశాడు. వినేవాడు సిద్ధపడే లోపలే పాట లోపలికి వచ్చేస్తుంది.

డప్పు కొట్టేవాళ్ళు ఆయన చేతిని చూడరు, కాలిని చూస్తారు. తాళం కాలిది. గజ్జె ముందు మోగుతుంది, డప్పు దాన్ని అందుకుంటుంది. దివాకర్, డప్పు రమేశ్ వంటి సహచరులతో ఏళ్ళ తరబడి పాడటం వల్ల ఆ లంకె కుదిరింది. కొత్తవాళ్ళతో పాడిన సభల్లో ఆ అందుకోవడం ఒక వెంట్రుక వాసి ఆలస్యమవుతుంది, పాట బరువెక్కుతుంది. ఒంటరి ప్రతిభ అని మనం అనుకునేదానిలో సగం పక్కవాడి చెవి.

వస్తువుల వాడకం చూడండి. భుజం మీది గుడ్డ ఒక చరణంలో జెండా, ఇంకో చరణంలో తల్లి కొంగు. కర్ర ఒకచోట కాపరిది, ఇంకోచోట పోలీసుది. గొంగడి చేతుల్లోకి మడిస్తే పసిబిడ్డ, నేలమీద పరిస్తే శవం. స్టేజి మీదికి ఇంకే సామాను రాదు. ఆడమనిషి పాట పాడేటప్పుడు నాటకాల వాళ్ళలా గొంతు సన్నం చేయడు. అదే బొంగురు గొంతు, అదే బరువు. మెడ మాత్రం ఒక పక్కకు వాలుతుంది, చెయ్యి నడుం మీదికి పోతుంది. సన్నగొంతు పెడితే ఆ తల్లి సినిమా తల్లి అయిపోయేది. బొంగురు గొంతుతో ఆమె రోజంతా ఎండలో పనిచేసిన మనిషిగా ఉండిపోయింది. చనిపోయినవాళ్ళ మీద పాడే పాటల్లో ఆయన మా ఊళ్ళ ఆడవాళ్ళు శోకం తీసే పద్ధతినే తీసుకున్నాడు. వాక్యం చివర గొంతు విరిగి జారిపోయే ఆ జారుడును శాస్త్రీయ సంగీతం తప్పంటుంది. జనం దాన్ని తమ ఇంటి చావుగా గుర్తుపట్టారు.

అన్ని పాటలూ ఒక ఎత్తున లేవు. కరపత్రానికి రాగం కట్టినట్టుండేవి కొన్నున్నాయి. వాటిని ఆయన ఒంటి బలంతోనే నిలబెట్టాడు, కాగితం మీద చదివితే నిలబడవు. చివరి ఏళ్ళలో మాట పెరిగి పాటను మింగిన సభలూ ఉన్నాయి. ఈ మాట చెప్పకుండా మెచ్చుకుంటే మెప్పుకు విలువ ఉండదు.

కీర్తి చేసిన మొదటి చిత్రం ఇది: మంచి పాట ఎక్కడ వినబడ్డా గద్దర్‌దే అయిపోయింది. 'బండెనక బండి కట్టి' తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాట. 'ఊరు మనదిరా' గూడ అంజయ్యది. ఉత్తరాంధ్ర వంగపండు ప్రసాదరావు పాటలనూ ఎందరో గద్దర్ పాటలనే అనుకున్నారు. ఆయన పాడితే ఊరూరా చేరాయి కాబట్టి పాడినవాడి పేరే మిగిలింది. జననాట్య మండలి మొదట కోరుకున్నది పేరులేని పాటను, ఎవరైనా పాడుకోగలిగిన పాటను. ఆ కోరిక విచిత్రంగా నెరవేరింది. రాసినవాళ్ళ పేర్లు నిజంగానే పోయాయి, ఒక్క పేరు మాత్రం ఎవరూ మరిచిపోలేనంత పెద్దదైంది. దీనికి ఆయన్ని నిందించను. కానీ సమష్టి కళ అన్నదాని నడిమధ్యలోంచి ఒక తార పుట్టడమనే చిక్కును ఆ ఉద్యమం ఎప్పుడూ తీర్చుకోలేకపోయింది.

రెండో చిత్రం అజ్ఞాతవాసంలో జరిగింది. 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక దానిమీద ఊరూరా పాడుతున్న గద్దర్, పోలీసుల దాడుల తర్వాత అడవి దారి పట్టాడు. దాదాపు ఐదేళ్ళు మనిషి లేడు, క్యాసెట్టు ఉంది. గాయకుడు కనబడకపోతే గొంతు పలచబడాలి. ఇక్కడ తిరగబడింది. కోదాడ లాంటి సరిహద్దు ఊళ్ళో, చుట్టాలు సగంమంది జగ్గయ్యపేట వైపు ఉండేచోట, ఆ క్యాసెట్లు వాగు దాటి అటూ ఇటూ తిరిగాయి. యాస ఎవరిదన్న పట్టింపు అప్పటికి లేదు. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో నిలబడినప్పుడు వచ్చిన జనం లక్షల్లో. ఐదేళ్ళుగా మనసులో గీసుకున్న బొమ్మను సరిచూసుకోవడానికి వచ్చారు వాళ్ళు. బొమ్మ సరిపోవాలంటే ఆయన గొంగడితోనే రావాలి. ఇక అక్కడినుంచి అది తీసేయగలిగిన వస్త్రం కాకుండా పోయింది.

మరి విఠల్ ఎక్కడున్నాడు? నేనైతే పాటల్లోనే వెతుకుతాను. 'సిరిమల్లె చెట్టు కింద లచ్చుమమ్మ' అన్న పాట పేరు తెలియనివాళ్ళు తక్కువ. చెమటోడ్చే ఆడమనిషి మీద పాట అది. గద్దర్ తల్లి పేరు లచ్చుమమ్మ. వేలమంది ముందు, ఎర్రజెండా కింద, ఎవరికీ చెప్పకుండా ఆయన తల్లిని పిలిచాడు. వినేవాళ్ళు తమ ఊరి లచ్చుమమ్మను అనుకున్నారు. ఇద్దరికీ సరిపోయింది. సొంత దుఃఖాన్ని బహిరంగంగా పెట్టుకుంటూనే దాచుకోవడం అంటే ఇదే. పిల్లలకు సూర్యుడు, చంద్రుడు, వెన్నెల అని పేర్లు పెట్టుకున్నాడు. ఆ పేర్లూ పాటల్లోంచి ఊడిపడ్డట్టే ఉన్నాయి. పాటకూ ఇంటికీ మధ్య గోడ పలచగా ఉండేదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ గోడ అవతల పిల్లల్ని పెంచిన భారం చాలావరకు భార్య విమలది. కీర్తిలో ఆమె వాటా లెక్కకట్టిన వ్యాసం నేను చదవలేదు.

'ఒరేయ్ రిక్షా'లో 'మల్లెతీగకు పందిరి వోలె' చెల్లెలి మీద అన్న పాడే పాట. నినాదం ఎక్కడా లేదు. ఆర్. నారాయణమూర్తి సినిమా, వందేమాతరం శ్రీనివాస్ సంగీతం. ఉత్తమ గీత రచనకు నంది అవార్డు ప్రకటిస్తే తీసుకోనన్నాడు. నాకు ఇందులో రెండు ముఖాలూ ఒక్కచోట కనబడతాయి. అంత మెత్తటి పాట రాసినవాడు విఠల్, బహుమతి వద్దన్నవాడు గద్దర్. మెత్తదనం చూపించడానికి సినిమా కావలసి వచ్చింది, సభలో దానికి చోటు తక్కువ.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ అల్వాల్ ప్రాంతంలోని వెంకటాపురంలో ఇంటిమీదికొచ్చి ఆయన్ని కాల్చారు. బతికాడు. ఒక తూటాను డాక్టర్లు వెన్నులో వదిలేయవలసి వచ్చింది, చివరిదాకా అది ఒంట్లోనే ఉంది. దాని తర్వాత ఆయన ఆట చూసినవాళ్ళకు ఒక మార్పు కనబడాలి. గెంతు తగ్గింది, నడుం తిప్పడం తగ్గింది, చేతుల పని పెరిగింది. కుడిభుజం నుంచి గుడ్డ విసిరే ఊపు పొడవైంది. నొప్పికి తగ్గట్టు రూపాన్ని మళ్ళీ కుట్టుకున్నాడు. జనానికి మాత్రం తూటా కూడా వేషధారణలో ఒక భాగమైపోయింది. ఒంట్లో దిగిన ఇనుము కన్నా సొంతమైనది ఒక మనిషికి ఏముంటుంది? కీర్తి దాన్నీ తనలో కలిపేసుకుంది.

లండన్‌లో డేవిడ్ బౌవీ అనే పాప్ గాయకుడు జిగ్గీ స్టార్‌డస్ట్ అన్న పాత్ర కట్టి ప్రపంచాన్ని ఊపి, 1973 జూలై 3న హామర్‌స్మిత్ ఓడియన్ వేదిక మీదే ఆ ప్రదర్శనలకు ముగింపు చెప్పేశాడు. జిగ్గీ బౌవీ ఊహించిన పాత్ర. కట్టినవాడికి విప్పే హక్కు ఉంది. గద్దర్‌కు అది లేకుండా పోయింది. గొంగడి ఒకరిది, డప్పు ఒకరిది, పాట ఒకరిది, చనిపోయిన కొడుకుల పేర్లు ఇంకెందరు తల్లులవో. అప్పిచ్చినవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు వస్తువును పక్కన పెట్టాలంటే అందరినీ అడగాలి.

అందుకే 2017లో ఆయన యాదగిరిగుట్ట వంటి క్షేత్రాలకు పోయినప్పుడు అంత గోల పుట్టింది. ఇంకెవరైనా గుడికి పోతే వార్త కాదు. 2018 డిసెంబరులో మొదటిసారి ఓటేసినప్పుడూ అంతే. డెబ్బై ఏళ్ళ ముసలాయన పోలింగ్ కేంద్రానికి పోవడం మీద వార్తలు వచ్చాయి. ఆయన మావోయిస్టు పార్టీకి 2012లోనే రాజీనామా చేశాడని, చనిపోయాక ఆ పార్టీ ప్రకటనతో చాలామందికి తెలిసింది. పదకొండేళ్ళపాటు జనం చూసిన గద్దర్ ఒకడు, లోపల దారి వెతుక్కుంటున్న విఠల్ ఇంకొకడు. 2011లో 'జై బోలో తెలంగాణ'లో 'పొడుస్తున్న పొద్దు మీద' పాడినప్పుడు ఆ ఇద్దరూ కలిసినట్టు అనిపిస్తుంది నాకు. పార్టీ గీతం కాని, సినిమా పాట కాని, కుటుంబ దుఃఖం కాని ఒక్కటిగా చెప్పలేని పాట అది. గొంతులో వయసు తెలుస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం లేదు. తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ ఏళ్ళలో సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్ల మీద వంటలు చేసి ధర్నాలు చేసినవాళ్ళకు అది ఏ పార్టీ అన్న ప్రశ్న లేకుండా చేరింది.

2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. ప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటించింది. దానిమీద అభ్యంతరాలూ లేచాయి. అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో బౌద్ధ పద్ధతిలో ఖననం చేశారు. ఇన్నేళ్ళూ ఒంటిమీద అందరి గుర్తులూ మోసిన మనిషి తనది అనుకున్నది అంబేద్కర్ చూపిన బుద్ధుణ్ణి, ఒక బడిని. అవి గొంగడి మీద ఎప్పుడూ కుట్టి లేవు.

తర్వాతి ఏడాది తెలంగాణ ప్రభుత్వం నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట సినిమా అవార్డులు ప్రకటించింది. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. నందిని కాదన్న మనిషి పేరు బహుమతిగా మారింది. ఇప్పుడు యూట్యూబ్ జానపద పాటల్లోనూ, పార్టీల ధూంధాంల్లోనూ గొంగడి, కర్ర, గజ్జెలు యూనిఫాం అయ్యాయి. మా జిల్లా కుర్రాళ్ళు చాలామంది మంచి గొంతున్నవాళ్ళు, ఒక్క పాటకు లక్షల వ్యూస్ తెచ్చుకుంటున్నవాళ్ళు. వాళ్ళ వీడియోల్లో గొంగడి చక్కగా ఇస్త్రీ చేసి ఉంటుంది, కెమెరా ముఖం మీదే ఉంటుంది, వంత పాడేవాళ్ళ గొంతులు స్టూడియోలో కంప్యూటర్ మీద కలుపుతారు. గద్దర్ నుంచి నేర్చుకోవలసింది ఏదని వాళ్ళలో ఎవరైనా అడిగితే, ఆయన కాలును చూస్తూ డప్పు పట్టుకున్నవాణ్ణి చూడమంటాను. పాత వీడియోల్లో అతను అంచున, సగం చీకట్లో ఉంటాడు. పాట ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు లేవాలో గద్దర్‌తోపాటు తెలిసిన రెండో మనిషి అతనే.